రెండు కంప్యూటరు భాషల నడుమ సమాచారపు అప్పగింత

కంప్యూటరుచేత పని చేయించుటకు ఏర్పడిన భాషలు పెక్కు గలవు. వానిలో కొన్ని మనుష్యుని యాలోచనకు దగ్గఱగా నుండును. మఱికొన్ని యంత్రపు నడకకు దగ్గఱగా నుండును. మొదటి తెగవానిని ఉన్నతశ్రేణి భాషలందురు. పైథాను అట్టిది. సి భాష యంత్రమునకు సమీపమున నిలిచినది. ఈ రెండు భాషలలో వ్రాయబడిన ప్రోగ్రాములు కలిసి పని చేయునపుడు, ఒకటి తనయొద్దనున్న సంఖ్యలను, పేర్లను, పట్టికలను రెండవదానికి ఎట్లందించును? అందించునపుడు ఏ జాగ్రత్తలు వలయును? అవి తప్పినచో నేమగును? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము. కంప్యూటరు విద్య నభ్యసించు పై తరగతులవారికి ఇది పాఠమునకు తోడుగా నుండుననియు, తలిదండ్రులకును తక్కిన చదువరులకును తమ చేతిలోని యంత్రములలో నేమి జరుగుచున్నదో తెలియుననియు మా యాశ.

సి భాష అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ యను శాస్త్రజ్ఞునిచే 1972 ప్రాంతమున రూపొందింపబడెను. మఱుసటి సంవత్సరముననే, అనగా 1973లో, యూనిక్సు అను నిర్వాహక వ్యవస్థయొక్క మూలభాగము ఆ భాషలో తిరిగి వ్రాయబడెను. వేగమును, యంత్రముపై పూర్తి యధికారమును కోరు పనులకు సి భాష నేటికిని వాడుకలో నున్నది. పైథానును నెదర్లాండ్సు దేశీయుడగు గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసెను. అది చదువుటకును వ్రాయుటకును తేలిక. సి.బి.యస్.ఇ. పద్ధతిలో 11, 12 తరగతుల కంప్యూటరు శాస్త్ర విద్యార్థులు నేర్చుకొనుచున్నది ఈ భాషనే.

పైథాను అంత సులభమైనచో దానికి సి భాషతో నేమి పని యని కొందఱడుగవచ్చును. కారణములు రెండు. మొదటిది వేగము. లక్షలకొలది సంఖ్యలను కూడవలసినపుడు పైథాను ఒక్కొక్క సంఖ్యకడ నిలిచి, ఇది యే జాతి వస్తువని విచారించుచు సాగును. సి ప్రోగ్రాము ఆ విచారణను ముందే ముగించుకొని నిలువక సాగిపోవును. రెండవది పూర్వుల కృషి. ఏండ్ల తరబడి పరీక్షింపబడి, తప్పులు దిద్దబడిన సి ప్రోగ్రాముల సంపుటములు సిద్ధముగా నున్నవి. వానిని లైబ్రరీలందురు. ఇచ్చట లైబ్రరీ యనగా పుస్తకశాల కాదు. పిలిచిన వెంటనే పని చేసిపెట్టు పనిముట్ల కొట్టని భావింపవలెను. 1995లో వెలువడిన జీలిబ్ సమాచారమును కుదించి చిన్నది చేయును. 2000లో వెలువడిన ఎస్‌క్యూలైటు పట్టికలను భద్రపఱచి, కోరినదానిని వెదకి యిచ్చును. ఆండ్రాయిడు ఫోనులలోను, ఐఫోనులలోను అది నెలకొని యున్నది. ఈ రెండును సి భాషలో వ్రాయబడినవే. పైథానులో వ్రాయువాడు వానిని మరల వ్రాయనక్కఱలేదు, పిలిచి వాడుకొనవచ్చును. ఇట్లు పిలుచుటకు తోడ్పడు సీటైప్సు అను సాధనము 2006లో విడుదలయైన పైథాను 2.5లో చేర్చబడెను. మేము చెప్పబోవు నుదాహరణము లన్నియు ఈ సాధనమును దృష్టియందుంచుకొని చెప్పునవి.

పిలుచుట సులభము. పిలిచి చేతికిచ్చు వస్తువు విషయముననే చిక్కంతయు నున్నది.

గడుల వరుస:— కంప్యూటరు తాను పని చేయు కాలమున సమాచారము నుంచుకొను చోటునకు మెమరీ యని పేరు. దానిని మిక్కిలి పొడవైన గడుల వరుసగా భావింపవచ్చును. ఒక్కొక్క గడికి బైటని పేరు. ప్రతి గడియందును 0 మొదలుకొని 255 వఱకు ఏదో యొక సంఖ్య యుండును. అంతకు మించి మఱేమియు నుండదు. వీధిలోని యిండ్లకు వలె ప్రతి గడికిని ఒక వరుస సంఖ్య కలదు. ఆ సంఖ్యయే దాని చిరునామా. చిరునామాను దాచుకొనుదానిని సి భాషలో పాయింటరందురు.

ఒక గడిలో 65 అను సంఖ్య యున్నదనుకొందము. అది యొకరి వయస్సా? పరీక్షలో వచ్చిన మార్కులా? ఆంగ్లమునందలి 'ఏ' యను పెద్ద యక్షరమునకు గుఱుతుగా కంప్యూటరులో వాడు సంఖ్యయు 65యే. కావున అది యక్షరమా? గడిని ఎంతసేపు చూచినను తెలియదు. అర్థము గడిలో లేదు. ఆ గడిని వ్రాసినవారును చదువువారును ముందుగా చేసికొన్న యొడంబడికలో నున్నది. ఒకే భాషలో వ్రాయునపుడు ఆ యొడంబడికను చాల వఱకు ఆ భాషయే కాపాడును. రెండు భాషలు కలియుచోట దానిని కాపాడు భారము ప్రోగ్రాము వ్రాయువానిపై పడును. సరిహద్దు దాటి పోవునవి బైట్లు మాత్రమే. వాని యర్థము వెంట పోదు. ఈ యొక్క మాటను గుఱుతుంచుకొన్నచో, ముందు చెప్పబోవు జాగ్రత్తలన్నియు దానినుండియే పుట్టినవని తెలియును.

రెండు విధముల నిలువ:— సి భాషలో 'ఇంట్' అను పూర్ణసంఖ్య నేటి సాధారణ యంత్రములలో 4 గడులు పట్టును. ఆ 4 గడులలో సంఖ్య తప్ప వేఱొకటి లేదు. పైథానులో 1 అను చిన్న సంఖ్యయే సాధారణమైన 64 బిట్ల యంత్రమున 28 గడులు పట్టును. ఇంత చోటేల యనగా, ఆ వస్తువును ఎన్ని చోట్ల వాడుచున్నారో తెలుపు లెక్కయు, అది యే జాతి వస్తువో తెలుపు చిరునామాయు, అది యెంత పొడవో తెలుపు గుఱుతును ముందు నిలుచును. తుదను అసలు సంఖ్య యుండును. పైథాను పట్టికలో నైతే సంఖ్యలే వరుసగా నుండవు. సంఖ్యలున్న చోట్ల చిరునామాలు వరుసగా నుండును. సి ప్రోగ్రాము తన కందిన వరుసలో సంఖ్యలే యున్నవని నమ్మి చదువును. కావున పైథాను పట్టికను ఉన్నదున్నట్లు ఇయ్యరాదు. ఇయ్యబోయినచో సీటైప్సు పుచ్చుకొన నిరాకరించును.

చేయవలసిన పని యేమనగా, ముందు సి పద్ధతి ననుసరించి యొక గడుల వరుస నేర్పఱచి, అందు సంఖ్యలను నింపి, ఆ వరుసలోని మొదటి గడి చిరునామాను సి ప్రోగ్రామునకు చెప్పవలెను. శాస్త్రజ్ఞులు విరివిగా వాడు నంపై యను సాధనము సంఖ్యలను మొదటినుండియు ఇట్లే వరుసగా నుంచును. అందుచేత నకలు తీయకయే చిరునామాతో పని జరుగును. పది సంఖ్యలకు నకలు తీసినను తీయకున్నను ఒక్కటే. కోటి సంఖ్యలున్నచోట నకలునకు పట్టు కాలమును, చోటును లెక్కింపదగినవే.

కొలతలు:— పూర్వము మన సీమలలో ధాన్యము కొలుచు కుంచములన్నియు ఒక్కటిగా నుండెడివి కావు. ఒక యూరి కుంచముతో కొలిచి యిచ్చి, మఱియొక యూరి కుంచముతో కొలిచి పుచ్చుకొన్నచో తగవు తప్పెడిది కాదు. సంఖ్యల విషయమునను ఇంతే. పైథానులోని పూర్ణసంఖ్యకు హద్దు లేదు. మెమరీ యున్నంత మేర పెరుగగలదు. సి భాషలోని ఇంట్ 4 గడులలో నిముడవలెను గావున, దానిలో పట్టు గరిష్ఠ సంఖ్య 214,74,83,647 మాత్రమే. ఋణసంఖ్యలను విడిచి, ఆ 4 గడులను ధనసంఖ్యలకే యుపయోగించినను 429,49,67,295కు మించి పట్టదు.

మన దేశపు చేతి ఫోనుల సంఖ్యలు 10 అంకెలు గలవై, 6, 7, 8, 9లలో నొక యంకెతో మొదలగును. అనగా వానిలో మిక్కిలి చిన్నదియు 600 కోట్లకు తక్కువ గాదు. అట్టి సంఖ్యను 4 గడుల ఇంటులో నుంపబోయినచో అది పట్టక పైభాగము తెగిపోవును. 600 కోట్లు కాస్త 170,50,32,704గా మాఱును. సీటైప్సు తన ఇంట్ సంఖ్యలలో నిట్టి పొంగును పట్టి చూడదు, హెచ్చరింపదు. ఫోను సంఖ్యలను కూడుట, గుణించుట యెన్నడును లేదు గావున, వానిని అక్షరముల వరుసగా నుంచుటయే యుక్తము.

కొలతలలో మఱియొక చిక్కు గలదు. సి భాషలో 'లాంగ్' అను సంఖ్య 64 బిట్ల లినక్సు యంత్రములలో 8 గడులు. 64 బిట్ల విండోసు యంత్రములలో 4 గడులు. పేరొక్కటే, కొలత వేఱు. ఒకచోట చక్కగా నడచిన ప్రోగ్రాము మఱియొకచోట తప్పు జవాబు చెప్పుటకు ఇది యొక కారణము. అందువలన 1999 నాటి సి ప్రమాణమున, ఎన్ని బిట్లో పేరులోనే తెలుపు సంఖ్యాజాతులను చేర్చిరి. సరిహద్దు దాటు సంఖ్యలకు అవియే మేలు.

సి ప్రోగ్రాము తిరిగి యిచ్చు జవాబు విషయమునను కొలత చెప్పవలెను. జవాబు ఏ జాతిదో మనము తెలుపనిచో, సీటైప్సు దానిని ఇంటని యెంచును. 64 బిట్ల యంత్రమున చిరునామా 8 గడుల వస్తువు. జవాబుగా వచ్చినది చిరునామా యైనచో, దానిలో సగము తెగిపోవును. తలుపు సంఖ్యలో సగము చెరిపి జాబు వేసినచో ఆ జాబు ఎవ్వరింటికి చేరునో యెట్లు చెప్పగలము? ఒక్కొక్కప్పుడు చిరునామా చిన్నదగుటచేత పని జరిగినట్లే కనబడును. అది మఱింత ప్రమాదము.

కొలత తప్పుట యెంతటి నష్టమునకు దారితీయునో 1996 జూను 4వ తేదీన లోకమునకు తెలిసెను. ఆ దినమున ఐరోపా దేశములవారి ఏరియాన్ 5 అను రాకెట్టు మొదటి ప్రయాణమునకు బయలుదేఱి, సుమారు 40 సెకనులలో నాశనమయ్యెను. 64 బిట్లలోనున్న యొక సంఖ్యను 16 బిట్లలోనికి మార్పబోగా అది పట్టలేదు. 16 బిట్లలో పట్టు గరిష్ఠ సంఖ్య 32,767 మాత్రమే. ఆ ప్రోగ్రాము భాగము అంతకుముందటి ఏరియాన్ 4నుండి తెచ్చినది. పాత రాకెట్టు వేగమునకు చాలిన కొలత క్రొత్తదానికి చాలదయ్యెను.

స్ట్రక్టు:— పలువిధములైన యంశములను ఒక్క మూటగా కట్టుటకు సి భాషలో స్ట్రక్టు అను నేర్పాటు గలదు. ఒక పాఠశాల రిజిస్టరులో ప్రతి విద్యార్థికిని మూడంశములు వ్రాయుదమనుకొనుడు: తరగతి విభాగమును తెలుపు ఆంగ్లాక్షరము, 1 గడి, ప్రవేశ సంఖ్య, 4 గడులు, సగటు మార్కులను తెలుపు దశాంశ సంఖ్య, 8 గడులు. మొత్తమెంత? 13 అని చిన్న తరగతి బాలుడును చెప్పును. కాని సాధారణమైన 64 బిట్ల యంత్రమున సి కంపైలరు ఈ మూటకు 16 గడులు కేటాయించును.

దీనికి కారణము గలదు. 4 గడుల సంఖ్య 4చే నిశ్శేషముగా భాగింపబడు చిరునామాకడ మొదలగుటయు, 8 గడుల సంఖ్య 8చే భాగింపబడు చిరునామాకడ మొదలగుటయు ప్రాసెసరునకు అనుకూలము. కావున అక్షరము 0వ గడిలో నుండును. 1, 2, 3 గడులు ఖాళీగా విడువబడును. ప్రవేశ సంఖ్య 4వ గడినుండి 7వ గడివఱకును, సగటు 8వ గడినుండి 15వ గడివఱకును ఉండును. ఇవే మూడంశముల వరుస మార్చి, అక్షరము, సగటు, ప్రవేశ సంఖ్య యని వ్రాసినచో, అక్షరము తరువాత 7 గడులును, తుదను 4 గడులును ఖాళీగా పోయి మొత్తము 24 గడులగును. తుది ఖాళీ యెందులకనగా, వెనువెంట నుండు రెండవ విద్యార్థి మూటయు 8చే భాగింపబడు చోటనే మొదలు కావలెను గనుక. వేయిమంది విద్యార్థులకు మొదటి పద్ధతిలో 16,000 గడులును, రెండవ పద్ధతిలో 24,000 గడులును పట్టును.

సీటైప్సులో మనము ఈ మూటను వర్ణించునపుడు, సి ప్రోగ్రామునందున్న క్రమముననే యంశముల పేర్లను, జాతులను వ్రాయవలెను. అట్లు వ్రాసినచో ఖాళీ గడులను అది సి పద్ధతిగా తానే విడుచును. అయితే కొన్ని లైబ్రరీలవారు ఖాళీలు విడువక బిగించి కట్టుమని కంపైలరునకు ఆజ్ఞ యిచ్చి యుందురు. అప్పుడు పైథాను వైపునను ఆ సంగతి చెప్పవలెను. చెప్పనిచో పైథాను ప్రవేశ సంఖ్యను 4వ గడి మొదలుకొని వ్రాయును. సి ప్రోగ్రాము 1వ గడి మొదలుకొని చదువును. చదివినది సంఖ్యయే యగును, కాని ఏ విద్యార్థికిని చెందని సంఖ్య.

పేర్లు దాటవు:— ఇంతకంటె మోసకరమైనది మఱియొకటి గలదు. ఒక మూటలో రెండే యంశములున్నవనుకొందము: వయస్సు, మార్కులు. రెండును ఇంట్ సంఖ్యలే. రెండును నాలుగేసి గడులే. సి ప్రోగ్రాములో వయస్సు ముందు, మార్కులు తరువాత. పైథానులో వ్రాసినవాడు మార్కులు ముందు, వయస్సు తరువాత వ్రాసెను. కొలత సరిపోయినది; ఖాళీలు సరిపోయినవి; ఏ యంత్రమును అడ్డుచెప్పదు. పదునైదేండ్ల బాలునికి 92 మార్కులు వచ్చియుండగా, జాబితాలో తొంబదిరెండేండ్ల వృద్ధునికి 15 మార్కులు వచ్చినట్లు పడును. ఏలన, వయస్సు, మార్కులు అను పేర్లు మన సౌకర్యమునకే కాని, సరిహద్దు దాటి పోవునవి కావు. ఈ యుదాహరణమున తప్పు చూచిన వెంటనే నవ్వు వచ్చును. గణితమునకును, భౌతికశాస్త్రమునకును వచ్చిన మార్కులు తాఱుమాఱైనచో నవ్వును రాదు, తప్పును కనబడదు. నష్టము మాత్రము విద్యార్థికి కలుగును.

పేర్ల వలెనే ప్రమాణములును దాటవు. 1998 డిసెంబరు 11వ తేదీన అమెరికావారు అంగారక గ్రహమునకు మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను నౌకను పంపిరి. భూమిమీది యొక ప్రోగ్రాము, చిన్న రాకెట్ల తోపును పౌండు ప్రమాణములో లెక్కించి ఫైలులో వ్రాసెను. దానిని చదివిన ప్రోగ్రాము న్యూటను ప్రమాణమని భావించెను. ఒక పౌండు బలము సుమారు 4.45 న్యూటనులు. ఆ తేడాచేత నౌక గ్రహమునకు మిక్కిలి దగ్గఱగా పోయి 1999 సెప్టెంబరు 23వ తేదీన నశించెను. సంఖ్య చక్కగనే చేరెను. దాని వెంట నుండవలసిన మాట చేరలేదు.

తెలుగు అక్షరములు:— పేర్లను, ఊళ్లను పంపునపుడు మనవారికి ప్రత్యేకమైన జాగ్రత్త యొకటి కావలెను. 1991లో వెలువడిన యూనికోడు మొదటి ప్రమాణముననే తెలుగు లిపికి స్థానము లభించెను. ఆ గుఱుతులను బైట్లుగా మార్చు యూటీఎఫ్-8 అను పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు కల్పించిరి. ఈ పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు 1 గడి చాలును. తెలుగు లిపిలోని ప్రతి గుఱుతునకును 3 గడులు కావలెను. గుణింతపు గుఱుతును వేఱుగా లెక్కకు వచ్చును. 'తెలుగు' అను మాటలో మనకు కనబడునవి 3 అక్షరములే యైనను, గుఱుతులు 6. కావున 18 గడులు. సి భాషలో మాట ముగిసినదని తెలుపుటకు తుదను 0 గల గడి యొకటి యుండవలెను, దానితో 19.

ఇప్పుడొక లైబ్రరీలో ఊరి పేరునకు 20 గడులు కేటాయించిరనుకొందము. ఆంగ్లమున వ్రాసిన పేర్లు పెక్కులు అందిముడును. 'శ్రీకాకుళం' అను పేరును తెలుగులో వ్రాసినచో 10 గుఱుతులు, 30 గడులు, తుది 0తో 31 గడులు. అది 20 గడులలో నిముడదు. తెగగోసి పెట్టుదమన్నను, 19 గడులలో 6 గుఱుతులు నిండి, ఏడవ గుఱుతులో మూడవ వంతు మాత్రమే మిగులును. అది యే యక్షరమును కాదు. హద్దు చూడక నింపు సి ప్రోగ్రామైనచో ప్రక్కనున్న యంశము మీదికి పొరలి దానిని చెఱుపును. కావున చోటు లెక్కించునపుడు అక్షరములను గాక గడులను లెక్కించుట మన భాషకు అత్యవసరము.

పొడవు:— సి ప్రోగ్రామునకు వరుస మొదలు ఎక్కడో చెప్పిన చాలదు; ఎన్ని గడుల వఱకు చదువవచ్చునో గూడ చెప్పవలెను. చిరునామా హద్దును తెలుపదు. చెప్పిన పొడవు అబద్ధమైనచో, సి ప్రోగ్రాము హద్దు దాటి, తనది కాని సమాచారమును చదువును. దీనికి ప్రసిద్ధమైన దృష్టాంతము 2014 ఏప్రిలు 7వ తేదీన బయల్పడిన హార్ట్‌బ్లీడ్ అను లోపము. ఓపెన్ ఎస్ఎస్ఎల్ అను సి లైబ్రరీ, ఇంటర్నెట్టులో పోవు సమాచారమును రహస్యముగా నుంచుటకు లోకమంతట వాడబడుచున్నది. అవతలివారు ఒక చిన్న మాట పంపి, దీని పొడవింత, తిరిగి పంపుమని యడుగుట యందొక యేర్పాటు. పంపిన మాట చిన్నదైనను, పొడవు పెద్దదని చెప్పినచో, లైబ్రరీ ఆ మాటను నమ్మి, ప్రక్క గడులలోని రహస్యములను గూడ ఒక్కొక్కసారి 64 కిలోబైట్ల వఱకు పంపివేసెడిది. అందు సంకేతపదములు, గుప్తమైన తాళపుసంఖ్యలు ఉండుట సంభవము. పొడవును సరిచూడని యొక్క లోపము వలన లోకమునందలి వెబ్‌సైట్లవారు తాళములు మార్చుకొనవలసి వచ్చెను.

ఎవరిది ఎవరు విడువవలెను:— పెండ్లిండ్లకు గుండిగలు, గంగాళములు ఇరుగుపొరుగులనుండి తెచ్చుట మన దేశాచారము. ఎవరి పాత్ర వారికి చేరుటకే గదా పాత్రలపై పేర్లు చెక్కించుట! మెమరీ విషయమునను అట్టి న్యాయము గలదు. పైథాను తన వస్తువులను ఎవరును వాడుటలేదని తెలిసినంతనే తానే విడిచిపెట్టి ఆ చోటును మరల వాడుకొనును. సి భాషలో అట్లు కాదు. అడిగి పుచ్చుకొన్న చోటును ప్రోగ్రాము వ్రాసినవాడే జ్ఞప్తితో విడువవలెను.

దీనినుండి రెండు నియమములు పుట్టినవి. మొదటిది: సి లైబ్రరీ కేటాయించి యిచ్చిన చోటును విడుచుటకు ఆ లైబ్రరీయే చెప్పిన మార్గమున విడువవలెను. విడువనిచో పని సాగినకొలది మెమరీ తఱిగిపోవును. రెండుమాఱులు విడిచినచో ప్రోగ్రాము కూలును. సీటైప్సులో జవాబును అక్షరముల వరుసగా నడిగినచో, అది నకలు తీసి యిచ్చి అసలు చిరునామాను మన కియ్యదు. అప్పుడు విడువవలసిన దెచ్చటనున్నదో తెలియకపోవును. అట్టిచోట జవాబును ఉత్త చిరునామాగా పుచ్చుకొని, చదివిన పిదప విడుచుటయే సరియైన మార్గము. రెండవది: పైథాను వస్తువుయొక్క చిరునామాను సి లైబ్రరీ తనయొద్ద దాచుకొన్నచో, అది వాడుచున్నంత కాలము ఆ వస్తువును పైథాను వైపున పట్టియుంచవలెను. సి లైబ్రరీ దాచుకొన్న సంగతి పైథానునకు తెలియదు. ఎవరును వాడుటలేదని యెంచి విడిచిపెట్టును. పిమ్మట సి లైబ్రరీ ఆ చిరునామాకు పోయి చూడగా, పాత కాపురస్థుడు లేచిపోయి క్రొత్తవాడు వచ్చి యుండును.

ఇతర భాషలు:— ఈ నియమములు పైథానునకు మాత్రమే చెందినవి కావు. 2015లో మొదటి స్థిరరూపము పొందిన రస్ట్ అను భాషలో, మూటలోని యంశముల వరుసను కంపైలరు తన యిష్టమువచ్చినట్లు మార్చుకొనవచ్చును; సి భాషకు పంపవలసిన మూటకు సి క్రమమునే పాటింపుమని ప్రత్యేకముగా వ్రాయవలెను. జావా భాషలో ఇట్టి యప్పగింతకు 1997 నుండియు ఒక మార్గముండగా, 2024లో వెలువడిన జావా 22లో అంతకంటె సుకరమైన క్రొత్త మార్గము స్థిరపడెను. సాధనములు మాఱుచున్నవి, కొలత, క్రమము, పొడవు, యాజమాన్యము అను నాలుగు ప్రశ్నలు మాఱలేదు.

విద్యార్థులకు సూచనలు:— ఈ పనికి పూనుకొను విద్యార్థులు కొన్ని నియమములను పాటించుట మంచిది. మొదట లైబ్రరీతో వచ్చు హెడరు ఫైలును చదువవలెను. ఏ మూటలో ఏ యంశము ఏ వరుసలో నున్నదో అందే యుండును. పిదప ప్రతి పిలుపునకును ఇచ్చు వస్తువుల జాతిని, వచ్చు జవాబు జాతిని సీటైప్సునకు స్పష్టముగా చెప్పవలెను. చెప్పినచో చాల తప్పులను అది ముందే పట్టి యాపును. తరువాత మూటయొక్క మొత్తము కొలతను రెండు వైపుల నడిగి పోల్చవలెను. సి వైపున 16 అని, పైథాను వైపున 24 అని వచ్చినచో అక్కడికక్కడ నాగవలెను. కొలత సరిపోయినంత మాత్రమున తృప్తి పడక, ప్రతి యంశమునకును వేఱువేఱు విలువ యిచ్చి ఒక్క మూటను పంపి, సి వైపున చదివించి చూడవలెను. వయస్సును మార్కులును తాఱుమాఱైనచో ఈ పరీక్షలో తేలును. వేయి మూటలు పంపుట దీని తరువాతి పని.

ప్రోగ్రాము కూలుట పెద్ద యాపద కాదు. కూలినదానిని చూచినవారు కారణము వెదకుదురు. తప్పు జవాబును నిబ్బరముగా చెప్పుచు నడచిపోవు ప్రోగ్రామే భయపడదగినది. బ్యాంకు ఖాతాలు, ఆసుపత్రి పరీక్షల ఫలితములు, పరీక్షల మార్కులు ఇట్టి సరిహద్దులను దినమునకు ఎన్నిమాఱులో దాటుచున్నవి. ఒక ప్రక్క చేయి చాచినవాడును, మఱియొక ప్రక్క అందించినవాడును యంత్రములే యైనను, ఆ యొడంబడికను వ్రాసినవారు మనుష్యులు. మన విద్యార్థులలో కొందఱు రేపు అట్టి యొడంబడికలను వ్రాయుదురు. వారు ఇచ్చు సంఖ్య వెంట దాని కొలతయు, క్రమమును, హద్దును, యజమానుని పేరును తప్పక వ్రాసి యుంతురుగాక యని కోరుచున్నాము.